గాజు చౌక, సిరామిక్స్ ఖరీదు: కిలో ధర చూసి తేల్చే లెక్క కాదిది

ధాన్యం కొనేవారు ముందుగా తేమ శాతం చూస్తారు. పత్తికి పింజ పొడవు, మిర్చికి రంగు చూస్తారు. గూడూరు సమీపాన చిల్లకూరు, కోట ప్రాంతాల నుంచి వెళ్లే సిలికా ఇసుక విషయంలో సైతం ఇనుము శాతం తెలియనిదే గాజు కార్ఖానాల వారు ధర ఖాయం చేయరు. ఇనుము హెచ్చితే గాజుకు పచ్చని ఛాయ వస్తుంది గనుక. గుణాన్ని బట్టి ధర అన్న సూత్రం మన వర్తకులకు కొత్తది కాదు. అయితే అటువంటి ఖనిజమే పూసలుగా మారి, సంచుల్లో ప్యాకయి, కార్ఖానాల సామగ్రి బజారుకు వచ్చేసరికి ఆ సూత్రం ఎవరికీ గుర్తుండటం లేదు. అక్కడ వినిపించే ప్రశ్న ఒక్కటే: "కిలో ఎంత?"

రంగులు, అచ్చు సిరాలు, ద్రవరూపంలోని క్రిమిసంహారక మందులు తయారు చేసే కార్ఖానాల్లో బీడ్ మిల్లు అనే యంత్రం ఉంటుంది. అందులోని గదిని ముప్పాతికకు పైగా సన్నని పూసలతో నింపుతారు. నడిమి ఇరుసు వేగంగా తిరిగినప్పుడు ఆ పూసలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని, వాటి మధ్య చిక్కిన సరుకును మెత్తగా చేస్తాయి. ఈ పూసలు గాజువి కావచ్చు. ఇంజనీరింగ్ సిరామిక్స్ అనే జాతికి చెందిన అల్యూమినావి గాని, జిర్కోనియావి గాని కావచ్చు. చూపుకు అన్నీ గుండ్రనివే. ధరల్లో మాత్రం ఎంతో అంతరం ఉన్నది. ఆ అంతరానికి తగిన ప్రతిఫలం దక్కుతుందా అన్నదే చిన్న కార్ఖానాదారు ముందున్న సమస్య.

ఈ రచయిత చదివింది వాణిజ్యశాస్త్రం, పదార్థశాస్త్రం కాదు. అయినా రెండు సరుకుల గుణాలు తెలియకుండా వాటి ధరలు పోల్చడం ఖాతా పుస్తకంలో ఒక వైపు మాత్రమే రాసినట్లవుతుంది.

గాజు స్వభావం

ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద కరిగిస్తే మామూలు గాజు వస్తుంది. అందులో నూటికి 70 పాళ్లకు పైగా సిలికాయే. ద్రవంగా ఉన్నప్పుడు అణువులు ఎంత క్రమం లేకుండా ఉంటాయో, చల్లారి గట్టిపడ్డాక కూడా అలాగే ఉంటాయి. గాజు పారదర్శకంగా ఉండటానికి, దానిలో రంధ్రాలు లేకపోవడానికి, ఊది గాని పోసి గాని ఏ ఆకారానికైనా సులువుగా తేవడానికి ఇదే మూలం. పగిలిన గాజుకు బజారులో ధర ఉన్నది, మళ్లీ కరిగించవచ్చు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, వేడి క్షారాలు తప్ప చాలా రసాయనాలకు అది లొంగదు. ఇన్ని సుగుణాలున్న సరుకును కేవలం చౌకరకం అని తీసిపారవేయడం తగదు.

దాని బలహీనత వేరే చోట ఉన్నది. గాజు స్వతహాగా బలహీనమైనది కాదు. దాని పైపొరలోని కంటికి కనిపించని గీతలే దాన్ని బలహీనపరుస్తున్నవి. ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని రుజువు చేసింది. అప్పుడే తీసిన సన్నని గాజుపోగు ఉక్కును మించిన లాగుడును తట్టుకోగలదు. అదే గాజు పలకగా మారి, చేతులు మారి, గీతలు పడితే కొద్దిపాటి వంపుకే పగులుతుంది. పగులు ఒకసారి మొదలైతే దాన్ని ఆపే అడ్డు ఆ పదార్థంలో ఏదీ లేదు. పైగా గాలిలోని తేమ సైతం పగులు కొసను మెల్లగా తొలుస్తుంది. నిన్న నిలిచిన బరువుకే నేడు గాజు పగలడానికి కారణం ఇదే.

ఇంజనీరింగ్ సిరామిక్స్ స్వభావం

సిరామిక్స్ అనగానే టీ కప్పులు, ఊరగాయ జాడీలు తలపునకు వస్తాయి. ఇంజనీరింగ్ సిరామిక్స్ వాటికి దూరపు చుట్టాలే గాని అవి కావు. శుద్ధి చేసిన అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ కార్బైడ్, సిలికాన్ నైట్రైడ్ వంటి పొడులను అచ్చులో నొక్కి, కరిగించకుండానే, రేణువులు ఒకదానికొకటి అతుక్కునే దాకా కొలిమిలో కాలుస్తారు. అల్యూమినాకు 1600 డిగ్రీల చుట్టూ వేడి కావాలి. కాలేటప్పుడు వస్తువు ప్రతి వైపునా నూటికి 15 నుంచి 20 వంతుల దాకా కుంచించుకుపోతుంది. ఆ తరువాత కొలతకు తేవాలంటే వజ్రపు పొడి పూసిన చక్రాలతో అరగదీయాలి. ఖరీదులో పెద్ద భాగం పొడికి కాక ఈ పనికే పోతున్నదని గ్రహించాలి. గాజులా పగిలిన ముక్కలను కరిగించి తిరిగి పోసే వీలు కూడా లేదు.

ప్రతిఫలంగా వచ్చేవి ఏమిటి? మోస్ కాఠిన్య కొలబద్దలో వజ్రానికి 10 అయితే అల్యూమినాకు 9, జిర్కోనియాకు 8 పైచిలుకు, మామూలు గాజుకు ఐదున్నర చిల్లర. బిగువులో, అంటే బరువు పడినప్పుడు వంగకుండా నిలిచే గుణంలో, అల్యూమినా గాజుకు ఐదు రెట్లకు పైబడి ఉన్నది. పగులు పాకకుండా అడ్డుకొనే శక్తిని కొలిచే మరో అంకె ఉన్నది. అది గాజుకు 1 కంటె తక్కువ. అల్యూమినాకు 3 నుంచి 5. మంచి జిర్కోనియాకు 6 నుంచి 10 దాకా. ఉక్కుకు ఇదే అంకె సాధారణంగా 50 పైబడి ఉంటుంది. కాబట్టి "పగలని సిరామిక్" అని ఎవరైనా చెబితే ఆ మాటను పూర్తిగా నమ్మనవసరం లేదు. గాజు కంటె నయమే గాని, ఉక్కుతో పోటీ కాదు.

జిర్కోనియాకు ఆ శక్తి రావడం వెనుక ఒక చమత్కారం ఉన్నది. పగులు దగ్గరకు వచ్చేసరికి అక్కడి రేణువుల అమరిక మారి, అవి నూటికి 4 వంతుల మేర ఉబ్బి, పగులు కొసను నొక్కివేస్తాయి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1975లో ఈ సంగతిని లోకానికి వెల్లడించారు.

ఇక వేడి సంగతి. అల్యూమినా 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. మామూలు గాజు 700 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మెత్తబడుతుంది. ఇది చూసి అల్యూమినాను ఎంత వేడి మీదైనా చల్లనీళ్లలో ముంచవచ్చని కొందరు భ్రమపడుతున్నారు. హఠాత్తుగా 200 డిగ్రీల తేడా వస్తే అల్యూమినా కూడా బీటలు వారే ప్రమాదం ఉన్నది. నిలకడగా ఉన్న వేడిని ఓర్చుకోవడం వేరు, హఠాత్తు మార్పును ఓర్చుకోవడం వేరు. ఈ రెండో గుణంలో, వేడికి తక్కువగా వ్యాకోచించే బోరోసిలికేట్ గాజు మామూలు గాజును బాగా మించిపోయింది. కనుక గాజు కింది మెట్టు, సిరామిక్స్ పై మెట్టు అనే వరుస లేదు. ఏ పనికి ఏ గుణం కావాలన్నదే ప్రశ్న.

మిల్లులోని లెక్క

ఇప్పుడు పూసల బేరానికి వద్దాము. గాజు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 2.5 గ్రాములు. జిర్కోనియాది 6 గ్రాములు. మిల్లు నిండేది ఘనపరిమాణంతోనే గాని బరువుతో కాదు. 20 లీటర్ల గదిని నూటికి 80 వంతులు నింపాలంటే 16 లీటర్ల పూసలు కావాలి. పూసల మధ్య ఖాళీలు పోను గాజు పూసలు 24 కిలోలు పడతాయి. జిర్కోనియా పూసలైతే దాదాపు 58 కిలోలు కావాలి.

లెక్క కోసం గాజు కిలో 100 రూపాయలు, జిర్కోనియా కిలో 1,000 రూపాయలు అనుకుందాము. ఇవి నేటి బజారు ధరలు కావు, ఉదాహరణకు వేసుకొన్న అంకెలు మాత్రమే. కిలోకు పది రెట్లు తేడా. కాని ఒక్క నింపుడుకు గాజుకయ్యేది 2,400 రూపాయలు, జిర్కోనియాకయ్యేది 57,600 రూపాయలు. అంటే 24 రెట్లు! "పది రెట్లు ధర, పదిహేను రెట్లు మన్నిక" అని అమ్మకందారు చెప్పినప్పుడు లాభంగా కనిపించిన బేరం, పూసల ఖర్చు ఒక్కటే చూస్తే నిజానికి నష్టం. కిలో ధర మీద ఆధారపడినందున కొనుగోలుదారు మోసపోయే మొదటి చోటు ఇది.

అయితే ఇంతటితో గాజే మేలని తీర్పు చెప్పడం కూడా పొరపాటే. బరువైన పూస అదే వేగంతో కొడితే దెబ్బ గట్టిగా పడుతుంది. సరుకు త్వరగా మెత్తనవుతుంది. గాజుతో 10 గంటలు పట్టే పని జిర్కోనియాతో 7 గంటల్లో తేలిందని అనుకుందాము. గాజు ఒక్క నింపుడు 200 గంటలు, జిర్కోనియా దానికి పదిహేను రెట్లు, అంటే 3,000 గంటలు వస్తుందని కూడా అనుకుందాము. గాజుతో 3,000 గంటలు చేసే పనికి 15 నింపుళ్లు, అనగా 36,000 రూపాయల పూసలు ఖర్చు. ఆ పనినే జిర్కోనియా 2,100 గంటల్లో ముగిస్తుంది. పూసల ఆయుర్దాయంలో నూటికి 70 వంతులే ఖర్చయినందున దాని వాటా సుమారు 40,300 రూపాయలు. పూసల మీద తేడా 4,300 రూపాయలే అయింది.

అసలు తేడా కరెంటు మీటరులో తేలుతుంది. గాజు పూసలతో మోటారు గంటకు 15 యూనిట్లు లాగితే 3,000 గంటలకు 45,000 యూనిట్లు. బరువు పూసలకు మోటారు మరికొంత ఎక్కువ లాగుతుంది. గంటకు 18 యూనిట్లు వేసుకొన్నా 2,100 గంటలకు 37,800 యూనిట్లే. ఆదా 7,200 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల చొప్పున 50,400 రూపాయలు. పూసల మీద పడిన అదనపు ఖర్చు పోను 46,000 రూపాయలు మిగులు. మాటిమాటికీ మిల్లు ఆపి, పూసలు జల్లెడ పట్టి, కొత్తవి నింపే కూలీ ఖర్చు కలసిరావడం దీనికి అదనం.

మరి సరుకు మెత్తటిదై, గాజుతోనూ జిర్కోనియాతోనూ ఒకే సమయం పడితే? అప్పుడు జిర్కోనియా మీద పూసల నష్టం 21,600 రూపాయలు, అదనపు కరెంటు 9,000 యూనిట్లకు 63,000 రూపాయలు, వెరసి 84,600 రూపాయలు చేతి నుంచి పోతాయి. అంటే ఒకే పూస ఒక కార్ఖానాకు లాభం, పక్క కార్ఖానాకు నష్టం. ఈ తీర్పు చెప్పేది కిలో ధర కాదు. ఆయా సరుకు ఎన్ని యూనిట్లలో కావలసిన మెత్తదనానికి వస్తున్నదన్న లెక్క.

డబ్బులోకి తేలికగా మార్చలేని అంశాలు మరికొన్ని ఉన్నవి. అరిగిన గాజు సరుకులో కలిస్తే దానితోపాటు సోడా కూడా కలుస్తుంది. క్షారానికి లొంగే రంగుల్లో ఇది ఛాయను చెడగొట్టవచ్చు. చిక్కని ముద్దలో తేలికైన గాజు పూసలు సరుకుతోపాటు కొట్టుకుపోయి జల్లెడ దగ్గర పేరుకుంటాయి. మరోవైపు, లోపలి తొడుగు మెత్తటి ఇనుముతో చేసిన పాత మిల్లులో గట్టి జిర్కోనియా పోస్తే, పూస మిగిలి గది అరిగిపోయే స్థితి వస్తుంది.

పేరు ఒకటి, సరుకు ఒకటి

బజారులో మరో చిక్కు ఉన్నది. "జిర్కోనియా" అనే పేరు కింద రెండు మూడు రకాల సరుకులు కదులుతున్నవి. ఇట్రియా కలిపి కాల్చిన అసలు జిర్కోనియా ఒకటి. జిర్కోనియం సిలికేట్ మరొకటి. రెండోది చెడ్డ సరుకేమీ కాదు. దాని పనులు దానికి ఉన్నవి. కాని సాంద్రత 4 గ్రాముల దగ్గరే ఉంటుంది, ధర కూడా అందుకు తగ్గట్లు తక్కువగా ఉండాలి. బిల్లు మీద జిర్కోనియా అని మాత్రమే రాసి, సిలికేట్‌ను అసలు ధరకు అంటగడితే కొనుగోలుదారుకు తెలిసే మార్గమేది?

మార్గం ఉన్నది, పెద్ద ఖర్చు కూడా లేదు. 600 గ్రాముల పూసలు తూచి, సగం నీళ్లున్న కొలజాడీలో పోసి, గాలి బుడగలు పోయేదాకా తట్టాలి. నీటి మట్టం 100 మిల్లీలీటర్లు పెరిగితే అది జిర్కోనియా. 150 దరిదాపుల్లో పెరిగితే సిలికేటో, అల్యూమినాయో అయి ఉంటుంది. 240 పెరిగితే గాజు. సిలికేటుకు, అల్యూమినాకు మధ్య భేదం ఈ పరీక్షకు చిక్కదు. దానికి ప్రయోగశాలే దిక్కు. అయినా ఆరు అంకె చెప్పి నాలుగు అంకె సరుకు ఇచ్చేవారిని ఆపడానికి ఒక కొలజాడీ, ఒక త్రాసు చాలు.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. సిరామిక్స్ విషయంలో ఈ సామెత పనిచేయదు. ప్రతి ముక్కలోనూ లోపం ఒక్కలా ఉండదు. ఒకే లాటులో ఒక ముక్క ఎంతో బలంగా, మరొకటి దానిలో సగం బలంతో ఉండవచ్చు. స్వీడన్ ఇంజనీరు వైబుల్ పేరిట వాడుకలో ఉన్న లెక్క ఈ ఎగుడుదిగుడును కొలిచేదే. కాబట్టి సర్టిఫికెట్టులో సగటు బలం ఒక్కటి చూసి తృప్తిపడరాదు. సగటు నుంచి ఎంత చెదిరిందన్నది కూడా చూడాలి.

పొడి మంచిదయినంత మాత్రాన సరుకు మంచిదవుతుందన్న భరోసా కూడా లేదు. మిల్లులో పూస పగిలితే పోయేది ఒక దఫా సరుకు. ఇదే జిర్కోనియాతో మనుషుల తుంటి కీలుకు అమర్చే గుండ్లు కూడా చేసేవారు. ఫ్రాన్సులో తయారైన అటువంటి గుండ్లు కొన్ని 2001లో రోగుల శరీరాల్లోనే పగిలినందున, వాటిని వెనక్కు పిలవవలసి వచ్చింది. పదార్థంలో మార్పు లేదు. కొలిమి పద్ధతి మార్చిన తరువాత కాల్చిన లాట్లలోనే ఎక్కువగా ఈ అనర్థం జరిగింది. పగిలిన గుండుతో మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కిన రోగికి దాని కొనుగోలు ధర ఎంతో తెలియదు, తెలిసినా ఉపశమనం లేదు. పేరు, రసాయన మిశ్రమం మాత్రమే గాక ఏ లాటు, ఏ కొలిమి అన్నది కూడా బిల్లు మీద ఉండాలనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

చిన్న కార్ఖానాదారులు చెప్పే మాట ఒకటున్నది. పరీక్షలకు సమయం లేదు, ప్రయోగశాలలు పెద్దవారికే గాని తమవంటివారికి కావు, ఒకేసారి యాభై వేలు పూసల్లో పోసే పెట్టుబడీ లేదు అని. ఇందులో న్యాయం లేకపోలేదు. చేతిలో 2,400 రూపాయలే ఉన్నవాడికి 46,000 రూపాయల రేపటి మిగులు గురించి చెప్పడం తేలిక. అయితే వారు ఒక్కొక్కరుగా చేయలేని పనిని నలుగురు కలసి చేయవచ్చు. ఒకే పారిశ్రామికవాడలోని పది మంది రంగుల తయారీదారులు కలసి ఒక మిల్లులో పరీక్ష నడిపిస్తే ఖర్చు పదో వంతవుతుంది. హైదరాబాదులో సిరామిక్ పొడుల మీద కూడా పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏ.ఆర్.సి.ఐ. ఉన్నది. విద్య ఊళ్లోనే ఉన్నది. దాని దగ్గరకు కలసి వెళ్లే చొరవ వర్తక సంఘాల నుంచి రావాలి.

కాగా, కొనుగోలుదారులు వెంటనే పాటించదగినవి మూడు ఉన్నవి. ఒకటి, బిల్లు మీద పదార్థం పూర్తి పేరు, సాంద్రత, పూస సైజు, లాటు నంబరు రాయించుకోవాలి. రెండు, ప్రతి లాటు నుంచి కిలో సరుకు తీసి, ఇరుపక్షాల ముద్రతో భద్రపరచాలి. తగాదా వస్తే అదే సాక్ష్యం. మూడు, పెద్ద ఆర్డరుకు ముందు తమ సొంత సరుకుతో, తమ మిల్లులో, నిర్ణీత గంటలు నడిపి, పూసలు ఆరబెట్టి తూచి, తరుగు ఎంతో, మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో రాసుకోవాలి. ఈ మూడింటికి ఒప్పుకోని అమ్మకందారు ఎంత తగ్గించి ఇచ్చినా ఆ బేరం ఖరీదైనదే.

అమ్మకందార్లు కూడా ఇందుకు జంకనక్కరలేదు. పింజ పొడవు కొలవడం మొదలైనందువల్ల పత్తి వర్తకం ఆగిపోలేదు. మంచి పత్తి పండించినవాడికి మంచి ధర వచ్చింది. గుణాన్ని కొలిచే అలవాటు వస్తే మంచి జిర్కోనియా అమ్మేవాడూ నిలుస్తాడు, మంచి గాజు అమ్మేవాడూ నిలుస్తాడు. నష్టపడేది ఒక పేరుతో మరో సరుకు అమ్మేవాడే. రేటు అడిగే ముందు రకం అడగడం ధాన్యం యార్డులో ప్రతి ఆసామికీ తెలిసిన సంగతే. కార్ఖానా గేటు దగ్గర కూడా ఆ ఆనవాయితీని పాటించవలసి ఉన్నది.